అట్టపెట్టె మీద తేలినీలాపురం: మనవలతో వేసవి సెలవుల డైరీ

ఏప్రిల్ 26

సంక్రాంతికి పిల్లలు వచ్చినప్పుడు టెక్కలి దగ్గర తేలినీలాపురం తీసుకెళ్లాను. అక్కడ గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లోనే చింతచెట్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. కింద ఇళ్లు, పైన గూళ్లు. అవి రావడం ఊరికి మంచిదని అక్కడివాళ్ల నమ్మకం, అందుకే వాటి జోలికి ఎవర్నీ పోనివ్వరు. ఆ రోజు నుంచి మా చిన్నోడు ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట: "తాతా, కొంగలున్నాయా, ఎల్లిపోయాయా?"

ఇప్పుడు సెలవులకి ముగ్గురూ విజయనగరం నుంచి మా శ్రీకాకుళం ఇంటికి వచ్చారు. కొంగలు వెళ్లిపోయాయి. ఆ మాట చెప్పేసరికి చిన్నోడి మొహం చిన్నబోయింది. "పోన్లేరా, కాగితం ముక్కలు అంటించి ఆ ఊరినీ కొంగల్నీ మనమే చేద్దాం" అన్నాను.

పెద్దదానికి ఏడేళ్లు, చిన్నోడికి ఐదు, బుజ్జికి మూడున్నర. ఎదురింటి పండుకి నాలుగేళ్లు. వాడు కూడా పొద్దున్నే మా అరుగు మీదే ఉంటాడు కాబట్టి నలుగురు. నేను 34 ఏళ్లు ప్రింటింగు ప్రెస్సులో బైండింగు పని చేశాను. కాగితం, జిగురు, అట్ట తప్ప నాకు వేరే విద్య రాదు. వాటితోనే చేస్తాం. నియమం ఒకటే, ఏదీ కొనకూడదు.

పక్కింటివాళ్లు కొత్త ఫ్రిజ్ కొన్నారు, దాని అట్టపెట్టె అడిగి తెచ్చాను. ఒక పక్క కోస్తే ఐదడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల ఎత్తు వచ్చింది. అట్ట లోపల గాడులు ఉంటాయి కదా, అవి నిలువుగా ఉండేలా కోశాను. అడ్డంగా ఉంటే గోడకి ఆనించిన రెండో రోజుకే నడుం విరిగిపోతుంది.

ఏప్రిల్ 27

సామాను పోగుచేసే రోజు. పాత వారపత్రికలు, టైలరు కొట్లో రాలిన గుడ్డముక్కలు, కొబ్బరి పీచు, వాడి ఎండబెట్టిన టీ పొడి, కోడిగుడ్డు పెంకులు, కడిగిన పాల ప్యాకెట్లు. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర జిరాక్సు కొట్టుకి వెళ్లి పంచింగ్ మిషన్లో పడిన చుక్కలు సంచిలో పోయించుకొచ్చాను. కొట్టతను వింతగా చూశాడు, పిల్లల కోసమని చెప్పాక ఇంకో డబ్బా కూడా దులిపి ఇచ్చాడు.

అన్నిటికంటే మంచి సరుకు బీరువా మీద దొరికింది. ఎన్నో ఏళ్ల శుభలేఖలు. మందపు కాగితం, గులాబీ, ఎరుపు, బంగారు రంగు రేకు. ఎర్రకాళ్ల కొంగ రెక్క చివర ఉండే గులాబీ రంగు ఇంకెక్కడా దొరకదు. అయితే మా ఆవిడ అడ్డుపడింది. "దేవుడి బొమ్మలున్నాయి, పిల్లల చేత చింపించకండి" అంది. నిజమే. తనే కూర్చుని ఒక్కొక్క కార్డు మీద వినాయకుడినీ, కలశాన్నీ, పసుపు పెట్టిన మూలనీ కత్తిరించి ఒక కవరులో పెట్టింది. పని అవుతున్నంతసేపూ ఏ పెళ్లి ఎప్పుడయిందో, ఎవరు ఎక్కడ స్థిరపడ్డారో చెబుతూనే ఉంది. పెద్దది చేతిలో కాగితం వదిలేసి ఆ కబుర్లు వింటూ కూర్చుంది.

నేను దాచేసినవి కూడా రాసుకోవాలి. పండు వాళ్ల నాన్న ఉద్దానం నుంచి పచ్చి జీడిపిక్కలు తెచ్చాడు. వాటి వంపు చూసి చిన్నోడు "ఇది కొంగ మెడ" అన్నాడు. చూపు బాగుంది. కానీ ఆ పెంకులోని జీడి నూనె చర్మాన్ని పొక్కిస్తుంది. పలాస వైపు పిక్కలు కొట్టేవాళ్ల చేతులు చూసినవాళ్లకి ఆ సంగతి చెప్పక్కర్లేదు. వెంటనే తీయించేశాను. పెద్దది పూజగది డబ్బాలోంచి గురివింద గింజలు తెచ్చింది, పక్షి కళ్లకి. ఎర్రగా, చివర నల్లచుక్కతో, నిజంగా కళ్లలాగే ఉంటాయి. కానీ అవి విషం, కొరికితే ప్రాణాపాయం. ఆముదం గింజలూ అంతే. రెండూ ఇంట్లో పిల్లలు ఉన్నన్నాళ్లు బీరువాలో తాళం కింద ఉంటాయి. చింతపిక్కలు, గుండీలు కూడా బుజ్జి ఉన్న పని దగ్గరికి రానివ్వను. ఆ వయసు పిల్లలకి ఏది దొరికినా నోట్లోకే వెళ్తుంది.

థర్మకోల్ ముక్కలు ఎవరో ఇవ్వబోయారు, వద్దన్నాను. పొడిపొడిగా రాలి ఇల్లంతా ఎగురుతుంది, మట్టిలో కలవదు. అలంకరణకి వాడే థర్మకోల్‌ని 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధించారు కూడా.

ఏప్రిల్ 28

జిగురు. ఒక కప్పు మైదా, ఐదు కప్పుల నీళ్లు. ముందు కొద్ది చన్నీళ్లలో మైదాని ఉండలు లేకుండా కలపాలి. మిగిలిన నీళ్లు మరుగుతుండగా అది పోసి, చిన్న మంట మీద గరిటె ఆపకుండా తిప్పాలి. తెల్లగా ఉన్నది గాజులా మెరిసే రంగుకి వచ్చి గరిటెకి పట్టుకుంటే అయిపోయినట్టు. చల్లారాక పలచటి గుడ్డలో వడకట్టాలి. చాలామంది ఈ వడకట్టడం మానేస్తారు. ఉండ ఉన్న చోట కాగితం మీద బుడిపె లేస్తుంది, పిల్లలు దాన్ని గోటితో గిల్లుతారు, అక్కడినుంచి మొత్తం ఊడుతుంది.

ప్రెస్సులో మేము ఈ జిగురులో మైలుతుత్తం వేసేవాళ్లం, పురుగు పట్టకుండా. పిల్లల పనిలో అది వేయకూడదు, విషం. ఒక చెంచా ఉప్పు చాలు. ఈ ఎండలకి బయట రెండో రోజుకే పులిసిన వాసన వస్తుంది, కాబట్టి రోజుకి సరిపడా కాచుకోవడమే మేలు. బుజ్జి వేలు ముంచి నాకింది. మైదా, ఉప్పే కదా, భయపడలేదు. కొట్లో సీసా జిగురు అయితే అంత ధీమాగా ఉండలేం.

కుంచెలు కూడా చేశాం. వేపపుల్ల చివర రాయి మీద పెట్టి నలగ్గొడితే పీచు విడి కుంచె అవుతుంది. పండు నలగ్గొట్టడం మానేసి నమిలాడు. చేదుకి మొహం అంతా ముడుచుకుపోయినా పుల్ల మాత్రం వదల్లేదు. వాడి కుంచే అందరికంటే మెత్తగా వచ్చింది.

ఏప్రిల్ 29

చింపే రోజు. ఈ రోజు గురించి కాస్త ఎక్కువ రాయాలి.

కత్తెర ఇవ్వలేదు. పెద్దది అలిగింది, తనకి కత్తెర వచ్చునని. "రేపు ఇస్తాను, ఈరోజు చేత్తో" అన్నాను. దినపత్రిక తీసి పైనుంచి కిందికి చింపి చూపించాను. గీత గీసినట్టు నిటారుగా వచ్చింది. అదే కాగితాన్ని పక్కకి చింపితే వంకరటింకరగా పోయింది. నలుగురూ చేసి చూశారు. చిన్నోడు "ఏటి తాతా, ఇటేపు మాట ఇంటాది, అటేపు ఇనదు" అన్నాడు. కాగితం మిల్లులో గుజ్జు పరుగెత్తే దిక్కుకే పీచు వాలిపోతుంది. ఆ పీచు వెంట చింపితే తిన్నగా వస్తుంది, ఎదురు చింపితే రాదు. బైండింగు నేర్చుకునేవాడికి మా మేస్త్రి మొదటి రోజు చెప్పే పాఠం ఇది. ఐదేళ్లవాడు పది నిమిషాల్లో తన మాటల్లో చెప్పేశాడు.

ఇంకో సంగతి వారపత్రికల నున్నటి కాగితంలో కనిపించింది. రంగు పేజీని ఒక చేత్తో కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో మన వైపు లాగి చింపితే, కదలని ముక్కకి తెల్లటి అంచు వస్తుంది. అవతలికి తోస్తూ చింపితే రాదు. ఆ తెల్ల అంచే నాకు కావాల్సింది. ముక్క మీద ముక్క వేస్తే రెక్కలో ఈకలు వరసగా పేర్చినట్టే ఉంటుంది. ఏ కత్తెరా ఆ అంచు ఇవ్వలేదు. పెద్దది ఇది చూశాక కత్తెర అడగలేదు.

బుజ్జికి చింపడమే పండగ. అంటించడం మీద దానికింకా ధ్యాస లేదు. చింపుతుంటే వచ్చే చప్పుడుకి నవ్వుతుంది, మళ్లీ చింపుతుంది. ఆ వయసుకి అదే పని. బొటనవేలు, చూపుడువేలు కలిసి పట్టుకోవడం, రెండు చేతులూ రెండు వైపులకి కదలడం దానివల్లే వస్తాయి. రేపు పలక మీద బలపం పట్టేది ఆ వేళ్లే. ఎవరి ముక్కలు వాళ్ల చేటలో, రంగు రంగుగా వేరుచేయించాను. ఆకుపచ్చ ఒక చేట, నీలం ఒకటి, మట్టిరంగులు ఒకటి. ఇది గోధుమ రంగా, పసుపా అని చిన్నోడికీ పండుకీ చాలాసేపు వాదన జరిగింది. నేను తీర్పు చెప్పలేదు.

పని అవగానే అందరి చేతులూ సబ్బుతో కడిగించాను. సిరా నల్లగా దిగింది. మా రోజుల్లో సీసపు అక్షరాలు పట్టిన చేత్తో అన్నం ముట్టుకోనిచ్చేవారు కాదు. ఆ అలవాటు నాకు ఇప్పటికీ పోలేదు, వీళ్లకీ రావాలి.

మే 1

అట్టకి అస్తరు వేశాం. ముందువైపు తెల్ల కాగితాలు, అవి ఒక పక్క ముద్రణ ఉన్న పాత బిల్లు పుస్తకాల వెనక పేజీలు. వెనకవైపు దినపత్రిక. వెనక ఎవరు చూస్తారని పెద్దది అడిగింది. మంచి ప్రశ్న. రెండు పాత పోస్టుకార్డులు తీసుకుని ఒకదానికి ఒకవైపు, ఇంకోదానికి రెండువైపులా తడి కాగితం అంటించి అరుగు మీద పెట్టాను. మధ్యాహ్నానికి మొదటిది దోనెలా వంగింది, రెండోది బల్లపరుపుగా ఉంది. తడి కాగితం ఆరేటప్పుడు కుంచించుకుపోతూ అట్టని తన వైపు లాగుతుంది. రెండు వైపులా లాగితే ఎటూ వంగదు. పెద్దది ఆ వంగిన కార్డుని బుజ్జి బొమ్మకి పడవగా ఇచ్చింది.

మే 4

నది పెట్టాలని చిన్నోడి పట్టు. "తేలినీలాపురంలో నాగావళి లేదు కదరా" అని వాళ్లక్క. "కొంగలకి నీళ్లొద్దేటి?" అని వాడు. వాడి మాటే నెగ్గింది. కింద ఎడమవైపు నుంచి నాగావళి వచ్చి, కుడివైపు మూలలో కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ భాగం మాత్రం నిజంగా ఎలా ఉందో అలాగే పెట్టించాను.

నీలం, తెలుపు పాల ప్యాకెట్లని పట్టీలుగా కోసి మైదా జిగురుతో అంటించాం. తడిగా ఉన్నప్పుడు ఎంతో అందంగా మెరిసింది.

మే 5

నది మొత్తం ఊడి అరుగు మీద పడి ఉంది. తప్పు నాదే. మైదా జిగురు పీచులోకి దిగి పట్టుకుంటుంది. పాలిథిన్‌లో దిగడానికి పీచు ఎక్కడిది? కాగితంతోనే బతికినవాణ్ణి, ప్లాస్టిక్ సంగతి ఆలోచించలేదు. బుజ్జి ఏడ్చింది. చిన్నోడు ఏం మాట్లాడకుండా పట్టీలన్నీ ఏరి బకెట్లో వేశాడు. వాడు అలా మౌనంగా ఉంటేనే నాకు ఎక్కువ బాధ.

మే 7

రెండు రోజులు ఆలోచించాక పరిష్కారం మా ఆవిడ చెప్పింది. "అంటకపోతే అల్లండి. చాప అల్లట్లేదా?" అంది.

నది పారే మేర అట్టలో నిలువు చీలికలు కోశాను, వేలెడు దూరానికి ఒకటి. బ్లేడు పని నాది, అది పిల్లలకి ఇవ్వలేదు. చీలికల్లోంచి పాల ప్యాకెట్ల పట్టీలు పైకీ కిందికీ దూర్చుకుంటూ పోవడం వాళ్ల పని. ఒక వరస పైనుంచి మొదలుపెడితే తర్వాతి వరస కిందినుంచి. పెద్దది రెండు వరసలకే పట్టేసింది. పండుకి ప్రతిసారీ తప్పిపోతుంది. అందుకని "మీద, కింద, మీద, కింద" అని పాటలా అందుకున్నారు, పండు కూడా ఆ పాటతో దారిలో పడ్డాడు. చివరలు వెనక్కి మడిచి, వాటి మీద దినపత్రిక ముక్క అంటించాం. కాగితం అట్టని పట్టుకుంటుంది, పట్టీ మధ్యలో ఇరుక్కుంటుంది. ఊడే ప్రసక్తే లేదు.

అంటించిన నది కంటే అల్లిన నదే నిజమైన నదిలా ఉంది. అలలు తెలుస్తున్నాయి. సాయంత్రం గాలికి చిన్నగా గరగరమంటోంది కూడా.

ఒక మాట. పాల ప్యాకెట్ కోసేటప్పుడు మూల ముక్కని పూర్తిగా తెంపేయకుండా కొంచెం అతుక్కునే ఉంచితే బాగుంటుంది. ఆ చిన్న తునకలే కాలవల్లోకీ ఆవుల పొట్టల్లోకీ పోతాయి. ఇంట్లో అందరికీ చెప్పాను, ఇప్పుడు బుజ్జి కాపలా.

మే 9

ఎండ. ఎవరూ పని ముట్టలేదు. తాటి ముంజలు తిన్నాం. ముంజలు తీసిన తాటికాయలకి పుల్ల గుచ్చి బండి చేసిచ్చాను. నా చిన్నప్పుడు నేను లాగిన బండే. నలుగురూ సందు చివరిదాకా లాక్కుని వెళ్లారు.

మే 11

చింతచెట్టు. మాను కొబ్బరి పీచు, కింద నేల టీ పొడి. టీ పొడికి జిగురు ముందు రాసి, పైన చల్లి, అరచేత్తో అద్ది, ఆరాక అట్ట ఎత్తి దులిపితే నిలవాల్సింది నిలుస్తుంది.

ఆకు దగ్గర పంచింగ్ చుక్కలు పనికొచ్చాయి. జిరాక్సు కొట్టువి తెల్లవి కాబట్టి వాటిని గూళ్ల కింద రెట్టలకి వాడారు. అది పండు ఆలోచన. తేలినీలాపురంలో చెట్ల కింద నేలంతా అలా తెల్లగా ఉండడం వాడు చూడలేదు, మావాళ్లు చెప్పారు. ఆకులకి మాత్రం వారపత్రికల ఆకుపచ్చ పేజీలు నేను మిషన్లో పెట్టి కొట్టాను. చింతాకు ఎంత చిన్నదో అంత చిన్న చుక్క. లేత పచ్చ, ముదురు పచ్చ, కొంచెం పసుపు. జిగురు రాసిన కొమ్మ మీద పిల్లలు చిటికెడు చిటికెడు తీసి చల్లారు, ముగ్గు వేసినట్టు. రెండు గంటలు అలా గడిచిపోయింది. బుజ్జి ఇంతసేపు ఒకే పని మీద కూర్చోవడం వాళ్లమ్మ కూడా చూసి ఉండదు.

మే 14

గూడబాతు. దీన్ని చిన్నోడు తనకే కావాలన్నాడు. ఒళ్లు కోడిగుడ్డు పెంకులతో. పచ్చి గుడ్డు పెంకుతో పిల్లలకి కడుపు జబ్బులు రావచ్చు. అందుకని పెంకుల్ని పది నిమిషాలు మరగబెట్టి, లోపలి పొర ఒలిచి, ఎండబెట్టాను. జిగురు మందంగా రాసి, పెంకు పెట్టి, వేలితో నొక్కితే టప్పున పగిలి పరుచుకుంటుంది. ఆ చప్పుడు కోసం మిగిలిన ముగ్గురూ వరసలో నిలబడ్డారు. ముక్కు కింద సంచిని పాత గులాబీ రంగు పరికిణీ గుడ్డతో, లోపల కాస్త దూది పెట్టి ఉబ్బించాడు. మెడ వెనక ఈకలకి బూడిదరంగు కాగితం చింపి పెట్టాడు. ముక్కు పొడవు ఒంటికంటే ఎక్కువైంది.

"గూడబాతు ముక్కు అంతే ఉంటాది తాతా. నాకు గురుతే" అన్నాడు.

మే 15

ఇది రాయడానికి చెయ్యి రావట్లేదు, అయినా రాయాలి.

రాత్రి పిల్లలు పడుకున్నాక అట్ట ముందు కూర్చున్నాను. గూడబాతు ఒక పక్కకి ఒరిగినట్టు అనిపించింది. మెడ దగ్గర ఈకల అంచులు ఒకటి లోపలికి, ఒకటి బయటికి. 34 ఏళ్లు పుస్తకాల అంచులు సమంగా కోసిన చెయ్యి నాది. కత్తి తీసి, స్కేలు పెట్టి, ఆ ఈకల అంచులు సరిచేశాను. ముక్కు కూడా రెండంగుళాలు తగ్గించాను. శుభ్రంగా కనిపించింది. తృప్తిగా పడుకున్నాను.

పొద్దున చిన్నోడు లేవగానే అట్ట దగ్గరికి వెళ్లాడు. కాసేపు చూశాడు. "ఇది నాను చేసింది కాదు" అన్నాడు. ఏడవలేదు, అరవలేదు. వెళ్లి పండు వాళ్ల అరుగు మీద కూర్చున్నాడు, మధ్యాహ్నం దాకా రాలేదు.

మా ఆవిడ నన్నేమీ అనలేదు. అన్నా బాగుండేది.

సాయంత్రం వాడి దగ్గరికి వెళ్లి, "నేను తప్పు చేశాను నాయనా. నీ పక్షిని అడక్కుండా కోశాను. ఇంక ముట్టుకోను" అని చెప్పాను. "మరి ముక్కు?" అన్నాడు. కోసిన ముక్కు ముక్క చెత్తబుట్టలో వెతికి తెచ్చాను. అతుకు కనబడుతుందన్నాను. పర్లేదన్నాడు. మెడ మీద ఈకలు పూర్తిగా తీసేసి మళ్లీ కొత్తవి చింపాడు. ఈసారి ముందటి కంటే పెద్దవి చింపాడు, తెల్ల అంచు బాగా కనబడేలా. నేను జిగురు గిన్నె పట్టుకుని పక్కన కూర్చున్నాను, అంతే.

ఇప్పటినుంచి నా పని ఏదో స్పష్టంగా రాసిపెట్టుకుంటున్నాను. జిగురు కాయడం, బ్లేడు పని, పెంకులు మరగబెట్టడం, ఎత్తు అందని చోట పట్టుకోవడం. అట్ట ముందువైపు నా చెయ్యి పడకూడదు.

మే 18

నాలుగు గంటలప్పుడు ఒక్కసారిగా గాలివాన. అట్ట అరుగు మీదే ఉంది. నేను పరుగెత్తేలోపు కుడివైపు మూల తడిసింది, సముద్రం ఉన్న చోట. మైదా జిగురు తడిస్తే మళ్లీ మెత్తబడుతుంది, ఆ చోట కాగితాలు జారిపోయాయి. అల్లిన పట్టీలకి ఏమీ కాలేదు. తడిసిన చోటుని రెండు పలకల మధ్య దినపత్రికలు పెట్టి, మీద రుబ్బురోలు పొత్రం పెట్టి రాత్రంతా ఉంచాను. ప్రతి మూడు గంటలకి పత్రికలు మార్చాను. తెల్లారేసరికి అట్ట తిన్నగానే ఉంది. సముద్రం మళ్లీ వేస్తున్నారు.

మే 22

మబ్బులు. నా పాత పొందూరు ఖద్దరు పంచె ఒకటి చిరిగిపోయి ఉంది. దాన్ని ఇచ్చేశాను. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారని చెప్పాను. ఆ ఎముకలో సన్నటి పళ్లు వరసగా ఉంటాయి, వాటితో గీరితే చెత్త పోయి పీచు మెత్తబడుతుంది, ఆ తర్వాత చేత్తో సన్నటి నూలు వడుకుతారు. "చేప దువ్వెనా?" అని బుజ్జి కళ్లు పెద్దవి చేసింది. తర్వాత వంటింట్లో వాళ్ల నాయనమ్మని "మన చేపకి దువ్వెనుందా?" అని అడిగిందట.

గుడ్డని అంచు దగ్గర చిన్న గాటు పెట్టి లాగితే సర్రున చిరిగి, పోగులు వేలాడతాయి. ఆ పోగుల్ని వేళ్లతో విడదీస్తే మబ్బు. జిగురు గుడ్డకి కాదు, అట్టకి రాయాలి. గుడ్డకి రాస్తే పైకి ఉబికి మరక పడుతుంది.

మే 27

మామిడి టెంకలు పదిహేను అయ్యాయి. కడిగి, పీచుని పాత దువ్వెనతో దువ్వి, ఎండలో పెట్టాను. గూళ్లకి వాడతామని అనుకున్నాం కానీ బరువుకి నిలబడలేదు. పీచు మాత్రం కత్తిరించి గూళ్లలో పరిచారు. మిగిలిన టెంకలకి కాగితం మూతులు పెట్టి ముసలి తాతల బొమ్మలు చేశారు. అందులో ఒకటి నేనట.

జూన్ 3

ఎర్రకాళ్ల కొంగలు మూడు. పెద్దది ఒకటి, పండు ఒకటి, బుజ్జి ఒకటి. శుభలేఖల గులాబీ రంగు రెక్క చివరకి సరిగ్గా కుదిరింది. ముక్కుకి ఒక కార్డు మీది పసుపు పచ్చ అట్ట. ఛాతీ మీద నల్ల పట్టీకి పాత గొడుగు గుడ్డ. కాళ్లకి అగరబత్తి ఎర్ర పుల్లలు.

కళ్లకి గురివిందలు లేవు కదా, ఏం పెట్టాలన్న ప్రశ్న నెల నుంచి నడుస్తోంది. ఈరోజు మా ఆవిడ తన బొట్టుబిళ్లల అట్ట తెచ్చి ఇచ్చింది. చిన్న నల్లవి. అంటించడానికి జిగురు కూడా అక్కర్లేదు. గూడబాతుకి చిన్నోడు చాలా జాగ్రత్తగా పెట్టాడు, ఊపిరి బిగబట్టి.

బుజ్జి కొంగ చూడ్డానికి కొంగలా లేదు. ఒక గులాబీ కుప్ప, రెండు పుల్లలు. నేను ఏమీ అనలేదు. "ఇది నిద్దరోతంది" అని తనే చెప్పింది. అందుకే కన్ను పెట్టలేదట.

జూన్ 7

పిల్లలు పదో తారీఖున విజయనగరం వెళ్తారు. అట్ట తీసుకెళ్తామంటున్నారు. ఐదడుగుల అట్ట ఆర్టీసీ బస్సులో ఎలా? ఇక్కడే ఉంచేద్దామంటే చిన్నోడు ఒప్పుకోడు. మడిచిపెడితే నది విరుగుతుంది.

అప్పుడు నాకు తోచింది, పుస్తకంలా మూసేయొచ్చని. కానీ అలా చేయాలంటే మధ్యలో రెండు చోట్ల కోయాలి. మే 15 గుర్తుండి, ముందు నలుగురినీ కూర్చోబెట్టి అడిగాను. ఎక్కడ కోయాలో వాళ్లనే గీయమన్నాను. పండు కొంగకీ గూడబాతుకీ మధ్య ఒకటి, చెట్టుకీ బుజ్జి కొంగకీ మధ్య ఒకటి అని గంటసేపు చర్చించి గీశారు. నదిని ఎలాగూ కోయక తప్పదు, దాని పట్టీలు చివర్లలో మళ్లీ మడిచి అంటిస్తామని మాట ఇచ్చాను.

జూన్ 8

కోశాను. మూడు పలకల మధ్య వేలెడు సందు వదిలి, వెనకనుంచి మిగిలిన పొందూరు పంచె గుడ్డ పట్టీలు అంటించాను. పుస్తకానికి వెన్నుగుడ్డ వేసినట్టే. సందు లేకుండా ఆనించి అంటిస్తే మూత పడదు, పెంకులు ఒకదానికొకటి రాసుకుని రాలిపోతాయి. గూడబాతు ముక్కు సంచి ఎత్తుగా ఉంది కాబట్టి ఒక వైపు సందు రెండు వేళ్లు వదిలాను. గుడ్డ ఆరేదాకా ఎవరూ ముట్టుకోలేదు. తర్వాత చిన్నోడు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు.

జూన్ 10

ఆర్టీసీ కాంప్లెక్సు దాకా ఆటోలో వెళ్లాం. అట్టని పాత దుప్పట్లో చుట్టి తాడు కట్టాను. పండు కూడా వచ్చాడు, వాళ్లమ్మ పంపింది. బస్సులో చిన్నోడు కిటికీ పక్కన కూర్చుని దుప్పటి మూటని రెండు చేతులా పట్టుకున్నాడు, నిలువుగా, గాడులు విరగకుండా.

బస్సు కదిలే ముందు బుజ్జి గుప్పెట తెరిచి చూపించింది. ఒక నల్ల బొట్టుబిళ్ల. కొంగ లేచాక పెడుతుందట.

పండు నన్ను అడిగాడు, "తాతా, మళ్లీ ఎప్పుడొస్తాయి?" అని. పిల్లల్ని అడిగాడో కొంగల్ని అడిగాడో తెలియలేదు. సంక్రాంతికి రెండూ ఉంటాయని చెప్పాను. ఇంటికొచ్చి జిరాక్సు కొట్టు సంచిలో మిగిలిన చుక్కలు డబ్బాలో పోసి, మూత బిగించి బీరువా మీద పెట్టాను.